పెద్దమ్మ దాచిన సీసాలు

వైరస్‌ల ప్రయోగశాలలో కణాలు పెంచే పెద్దమ్మకు ఒకటే జబ్బు. అడిగినవాళ్లకు కణాలివ్వదు. ఇవ్వడమే ఆవిడ ఉద్యోగం, అది వేరే సంగతి. సాక్షాత్తు ప్రొఫెసరునే రెండు సీసాల కోసం మూడు రోజులు తిప్పిన ఘనురాలు.

పరిశోధనకు కొత్తగా చేరిన అమ్మాయి ఆరు సీసాలు అడిగేసరికి పెద్దమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“ఆరా! ఎందుకు?”

“వైరస్ ఎక్కించాలి పెద్దమ్మా.”

“నిన్ననే కదే అవి కుదురుకున్నాయి! చేతులు కడిగావా?”

“కడిగాను.”

“మళ్లీ కడుక్కో. తిన్నావా?”

ఆర్‌ఎన్‌ఏ వైరస్ పేరెత్తితే ఆవిడ ఒంటికాలి మీద లేస్తుంది. “ఆ దొంగముఖం తెచ్చేది ఒక్క చీటీ! పిచ్చితల్లులు మన కణాలు అది ఇంట్లో చీటీయే అనుకుని అందులో ఉన్నదల్లా చేసిపెడతాయి. ముందు నకళ్లు తీసే యంత్రం చేయించుకుంటుంది. ఆ యంత్రం చీటీకి అద్దంలో బొమ్మలా తిరగరాత రాస్తుంది. దాన్ని చూసి మళ్లీ వేల చీటీలు! తప్పు పడితే దిద్దే దిక్కు కూడా ఉండదు.”

“ఆ తిరగరాత ఎన్నో గంటకు మొదలవుతుందో చూడటమే నా పని పెద్దమ్మా. ఎల్లుండికి చూపించకపోతే సారు ఈ పని ఇంకొకరికిచ్చేస్తారు.”

పెద్దమ్మ సణుగుతూ ఆరు సీసాలిచ్చింది.

అమ్మాయి కంగారులో కడిగే ద్రవాన్ని తిన్నగా కణాల మీదే ధారగా పోసింది. సీసా అడుగున అంటుకున్న కణాలన్నీ పొరలు పొరలుగా లేచిపోయాయి. ఆరుకి ఆరూ పోయాయి. ఆ సీసాలు పట్టుకుని పెద్దమ్మ ముందు నిలబడింది.

పెద్దమ్మ తిట్టలేదు. కణాల్ని వెచ్చగా ఉంచే పెట్టె తెరిచి, అడుగు అరలోంచి ఆరు సీసాలు తీసింది. వాటి మీద ఆవిడ దస్తూరీతో చీటీ ఉంది: ‘కొత్తమ్మాయి, రెండోసారి.’

“ముందే పన్నెండూ ఇవ్వొచ్చుగా పెద్దమ్మా?”

“ఇస్తే పన్నెండూ పోగొట్టేదానివి. ఊఁ, సీసా గోడ వెంట పొయ్యి. మెల్లగా.”

వైరస్ ఎక్కించి గంటకో సీసా చొప్పున తీసి చూస్తే, మూడో గంట సీసాలో తిరగరాత దొరికింది. గడువు రోజున ప్రొఫెసరుగారు ఫలితం చూసి తలాడించారు. “బాగుంది, ఈ పని నీదే. కానీ రెండోసారిదాకా ఎందుకొచ్చింది? మొదటిసారే కుదరాలమ్మా, నా చేతిలో అయితే అలాగే కుదురుతుంది.”

పెద్దమ్మ వెళ్లి పెట్టె తెరిచింది. వెనక వరసలో రెండు సీసాలున్నాయి. వాటి మీద ‘సారు, అయిదోసారి’ అని రాసి ఉంది.