గోడ మీది పసుపు పిలకలు

నా చిన్నప్పుడు మా అమ్మ కుళ్లుకుంటే బాపట్లలో ఎండ రెండు డిగ్రీలు పెరిగేది. ఆ కుళ్లంతా పక్కింటి టీచరమ్మ పెరటి మీదే.

మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ, రెండు పెరళ్లనీ కప్పేసిన ఒక మామిడిచెట్టు. దాని నీడ ఎంత చిక్కనంటే, మిట్టమధ్యాహ్నం మా కోళ్లు పొద్దుగూకిందనుకుని గూట్లోకి దూరేవి. ఆ నీడలో అమ్మ నాటిన బంతీ గులాబీ పాలిపోయి ఊరుకునేవి. ఊపిరి మిగిలినవాటిని వెనకవీధి మేక ముగించేది. మేకంటే మామూలు మేక కాదు. జింకలా ఒక్క గంతులో గోడ దాటి, వేళ్లతో సహా నమిలి, తీరిగ్గా అమ్మవైపు చూసి త్రేన్చేది. ముళ్లకంప అడ్డుపెడితే ముందు దాన్ని తినేది.

అదే మేక టీచరమ్మ పెరట్లో షికారు కొట్టేదే గాని ఆకు ముట్టేది కాదు. అక్కడ ఆ నీడలోనే పసుపు, చేమ, వామాకు అడవిలా పెరిగేవి. ఒకసారి నాటితే చాలు, ఎండాకాలం వాడిపోయినా తొలకరికి మళ్లీ లేచేవి. టీచరమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన చేసి మేక నోరు కట్టేయిస్తోందని అమ్మ తేల్చేసింది.

"వెళ్లి అడగరాదూ, రెండు పిలకలిస్తారు," అన్నారు నాన్న.

"నేనా? చేతికర్ర పాతినా చిగురేసే రేపల్లె మట్టిలో పుట్టి, ఈ ఇసకలో మొక్క అడుక్కోవాలా?"

అడగడానికి ప్రాణం ఒప్పదు. మొక్క లేనిదే అన్నం సయించదు. ఇక మిగిలింది దొంగతనం. దొంగిలించి తెచ్చిన మొక్కే ఏపుగా బతుకుతుందని మా వైపు ఆడవాళ్లకి గట్టి నమ్మకం కూడాను. ఓ ఆదివారం టీచరమ్మ చర్చికి వెళ్లగానే అమ్మ నన్ను కాపలా పెట్టి, కుచ్చిళ్లు ఎగదోపుకుని గోడ మీదికి దండెత్తింది. దాటే పనే పడలేదు. గోడ మీదే తడి గోనెపట్టాలో చుట్టిన పసుపు పిలకలున్నాయి.

"నాటడం మర్చిపోయినట్టుంది పాపం," అని జాలిపడి మరీ దొంగిలించింది. పై ఆదివారం చేమ దొరికింది. ఆ పై ఆదివారం వామాకు.

వానలకి ఆ మొక్కలు మా పెరటిని కమ్మేశాయి. మేక రానే వచ్చింది. వామాకు ఘాటుకి అది తుమ్మిన తుమ్ముకి తెనాలి వెళ్లే రైలు ఆగిపోయిందని వీధిలో చెప్పుకున్నారు. చేమాకు కొరికి, నోరు దురద పుట్టి, మూతి గోడకి రుద్దుకుంటూ వెళ్లిపోయింది. అమ్మ ఆగలేక, మా పెరడు చూడమని టీచరమ్మని కేకేసింది.

"అబ్బ, ఎంత బాగా వచ్చాయండీ! ఈ పసుపు ఎక్కడిదండి?" అంది ఆవిడ.

"మా పుట్టింటిదండి," అంది అమ్మ, కన్నార్పకుండా.

"అదీ సంగతి! మేలురకంలా ఉంది. మాకూ రెండు పిలకలివ్వరూ?"

అమ్మ బుట్టెడు ఇచ్చింది. ఎలా నాటాలో పాఠం కూడా చెప్పింది. నాకు తెలిసి ఆ రాత్రే అమ్మ మొదటిసారి గుర్రుపెట్టి నిద్రపోయింది.

మర్నాడు గోడ దగ్గర టీచరమ్మని పట్టుకున్నాను. "ఆ గోనెపట్టా మీరే పెట్టారు కదండీ?"

ఆమె ముసిముసిగా నవ్వింది. "అడగడం మీ అమ్మకి నామోషీ. నేనిస్తే చిన్నబోతుంది. దొంగతనమైతే హాయిగా తీసుకెళ్తుందనే పెట్టాను. నువ్వు చెప్పావంటే చూడు మరి!"

చెప్పలేదు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ పసుపు రేపల్లెదే.

ఇప్పుడు తెనాలిలో నాకూ ఓ గోడ ఉంది, దాని మీదుగా మా నీడపెరటిని కళ్లతో నమిలేసే పక్కింటి అమ్మాయి ఉంది. పిలకలు గోడ మీద పెట్టి బజారుకి వెళ్లిపోతుంటాను. ఈ ఏడు ఆ పిల్ల పసుపు నాదానికంటే జానెడు ఎత్తు లేచింది. టీచరమ్మ మనసు నాకెక్కడిది, అమ్మలాగే కుళ్లుకున్నాను. వంటింట్లో రెండు గిన్నెలు విసిరేశాను. తర్వాత ముఖం కడుక్కుని గోడ దగ్గరికి వెళ్లి, "ఎంత బాగా వచ్చిందమ్మా, నాకూ రెండు పిలకలివ్వవూ?" అని చేయి చాచాను.