చెప్పుల వరుస

తెల్లవారుజామున ఐదుంబావుకు మా అక్క చెప్పులు విడిచి, అప్పటికే నేల మీద ఉన్న చెప్పుల వెనక పెట్టింది. నల్లగొండలో మైదానం గేటు పక్కన టికెట్ల కోసం తడకలతో ఒక కౌంటర్ కట్టారు. తొమ్మిదింటికి తెరుస్తారని పోస్టర్ మీద ఉంది. ఆ సాయంత్రం అదే మైదానంలో అక్కకు ఇష్టమైన బ్యాండ్ పాడుతుంది.

పెద్ద నోట్లు రద్దయిన మరుసటి ఏడాది వేసవి అది. బ్యాండ్‌లో అందరూ పాలమూరు కుర్రవాళ్లే. డప్పు, గిటార్ కలిపి వలస కూలీల మీద పాటలు కట్టేవాళ్లు. మా జిల్లాకు రావడం అదే మొదటిసారి. వెనక నిలబడి చూసే టికెట్లు ఊళ్లో రెండు మూడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వేదిక దగ్గరి కుర్చీల టికెట్లు మాత్రం ఆ రోజే, ఆ కౌంటర్లోనే ఇస్తామన్నారు.

అక్కకు వేదిక దగ్గరే కావాలి. దర్జా కోసం కాదు. ఆమెకు చెవులు పోతున్నాయి. మక్తల్‌లో అత్తగారింట్లో ఉండగా భర్త బొంబాయి దగ్గరి భివండికి మగ్గాల పనికి పోయి, అక్కడే జబ్బు చేసి చనిపోయాడు. తర్వాత ఆమె నల్లగొండకు మా దగ్గరికి వచ్చి, మరమగ్గాల షెడ్డులో చేరి చాలా ఏళ్లు పనిచేసింది. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. పని నేర్పడానికి కూడా చేతులతోనే సైగలు చేసుకుంటారు. యజమాని కూర్చునే గదికి అద్దాలు బిగించి ఉండేవి, తలుపు వేస్తే అతనికి మోత తగ్గేది. పనివాళ్లకు చెవుల్లో పెట్టుకోవడానికి ఇంత దూది ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. తోచలేదని ఇప్పటికీ మర్యాదగా రాస్తున్నాను. తోచింది, ఇవ్వలేదు.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి దగ్గర్నుంచి వచ్చే పెద్ద చప్పుళ్లు అందేవి. అదీ ఎక్కువ కాలం ఉండదని దవాఖానలో చెప్పారు. చెవి మిషన్ పెట్టి చూశాం. షెడ్డు మోత మళ్లీ మొదలైనట్టుందని తీసి పక్కన పెట్టింది. ఫోన్లో పాటలు వినడం అప్పటికే ఆగిపోయింది. ఆ బ్యాండ్ పాటల్లో ఒకటి ఆమెకు ప్రాణం. ఒక ఆడమనిషి బొంబాయి బస్సు కోసం భర్తతో పాటు రోడ్డు మీద నిలబడి, బస్సు రాకూడదని కోరుకుంటుంది. పాటంతా అంతే. 

"దగ్గర కూసుంటే డప్పన్న అందుతది తమ్మీ. డప్పు అందితే మాట నేను కలుపుకుంట. మాటలు నాకు వచ్చుగద" అంది.

ఆమె నన్ను ఏదైనా అడగడం అరుదు. అందుకే ఆ చీకట్లో వెళ్లాం.

చెప్పుల సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కర లేదు. యూరియా కోసం సొసైటీ ముందు, నోట్ల కోసం బ్యాంకు ముందు, కిరోసిన్ కోసం డీలర్ ముందు మనుషులు వరుసలో చెప్పులు పెట్టి నీడకు పోతారు. గంటలకొద్దీ ఎండలో నిలబడలేని వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. ఒకరి చెప్పుల ముందు ఇంకొకరు తమ చెప్పులు పెట్టరు. మనిషిని నెట్టేవాడు కూడా చెప్పులను జరపడు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు, కానీ తప్పినవాణ్ని నేను చూడలేదు. ఆ రోజు పొద్దుటికి కౌంటర్ ముందు నుంచి రోడ్డు వంపు దాకా చెప్పులే ఉన్నాయి. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, ఒకచోట చెప్పులు లేని ఎవరిదో తువ్వాల, గాలికి ఎగరకుండా దాని మీద రాయి.

గేటు పక్కన చాయ్ బండి ఉంది. దాన్ని నడిపే ముసలాయనను అందరూ చాచా అంటున్నారు. "పోయి నీడకు కూసోండ్రి. చెప్పులకు నేను జిమ్మేదార్" అన్నాడు. మేం గోడ నీడన కూర్చున్నాం. మా ముందు చెప్పులు పెట్టిన మనిషి కట్టంగూరు దగ్గర నుంచి వచ్చిన రైతు. కూతురి కోసం టికెట్ తీసుకోవాలని వచ్చాడట.

"యూరియాకు గిట్లనే పెట్టినం, నోట్లకు గిట్లనే పెట్టినం. గిప్పుడు పాటకు గూడ పెడుతున్నం. పాట బస్తాలల్ల ఇస్తరా ఏంది సారూ?" అన్నాడు నాతో.

"పట్టాదారు పుస్తకం తెచ్చుకున్నవా?" అని చాచా అక్కణ్నుంచే అరిచాడు. "ఎకరానికి ఒక్క పాటే ఇస్తరంట!"

అందరూ నవ్వారు. అక్క మా ముఖాలు చూసి తనూ నవ్వింది. నేను ఆమె కుడి చెవి దగ్గర వంగి ఆ మాట గట్టిగా చెప్పాను. "నాకు భూమి లేదని చెప్పు. కౌలు పాట ఇయ్యమను" అంది. రైతు తొడ చరుచుకుని నవ్వాడు. ఆ రోజు మొత్తంలో నాకు కోపం లేకుండా గుర్తున్నది ఆ కాసేపే.

తొమ్మిదికి కొంచెం ముందు నిర్వాహకుల మనుషులు కార్లలో వచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చారు. నల్ల టీషర్టులు, చేతిలో వాకీటాకీలు. వాళ్లలో పెద్దగా కనిపించిన కుర్రవాడు చెప్పుల వంక చూసి ముక్కు చిట్లించాడు.

"ఏంటిదంతా? ఎవరివి ఇవి? క్లీన్ చేయించండి ముందు."

ఇద్దరు మనుషులు పొడుగు చీపుళ్లతో చెప్పులన్నీ ఊడ్చి మురికి కాలువ పక్కన కుప్ప పోశారు. చాచా చాయ్ గిన్నె వదిలి పరుగెత్తాడు. "అరే భయ్, గవి చెప్పులు కావు, నెంబర్లు! మనుషులు ఆడ కూసున్నరు!" అన్నాడు. ఎవరూ ఆగలేదు. మేమంతా లేచి పరుగెత్తి వెళ్లేసరికి పని అయిపోయింది. అక్కకు ఆ అరుపులేవీ వినపడలేదు. అందరూ లేవడం చూసి లేచింది.

సగం మంది కుప్పలో చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆ సమయంలోనే బైకుల మీద, కార్లలో అప్పుడే దిగినవాళ్లు కౌంటర్ ముందు నిలబడ్డారు. నల్ల టీషర్టులు వాళ్లనే వరుస అన్నారు. మా వైపు తాడు కట్టారు. నేను ఆ కుర్రవాడి దగ్గరికి వెళ్లి, వీళ్లు చీకటితో వచ్చారని, ఇక్కడి పద్ధతి ఇదని చెప్పాను. చాలా మర్యాదగా చెప్పాను. ఆ మర్యాద తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"సార్, లైన్ అంటే మనుషులు నిలబడాలి. చదువుకున్నవాళ్లలా ఉన్నారు, మీకు నేను చెప్పాలా?"

నేను ఇంకా ఏదో అంటుండగా అక్క తాడు కింద నుంచి దూరి వచ్చింది. చేతిలో తన చెప్పు ఒకటే ఉంది, రెండోది దొరకలేదు. దాన్ని తీసుకెళ్లి కౌంటర్ బల్ల మీద పెట్టింది.

"గిది నా జాగా. కట్టంగూరాయన ఎనక నేను" అంది. చెవులు వినపడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. మైదానమంతా వినపడింది.

కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేసి కానిస్టేబుల్‌ను పిలిచాడు. కానిస్టేబుల్ ఆ చెప్పు తీసి అక్క చేతిలో పెట్టి, "పోవమ్మా, జర అవతలికి పో. పంచాయితీ పెట్టకు" అని కసిరాడు. అతనిది మా వైపు యాసే. అతనికీ చెప్పుల వరుస తెలిసే ఉంటుంది. తెలియకపోతే అంత కోపం రాదు.

మా వంతు వచ్చేసరికి కుర్చీల టికెట్లు అయిపోయాయన్నారు. వెనక నిలబడే టికెట్లు ఇచ్చారు. రైతు కూతురికి కూడా అవే. ఇంటికి పోదామా అని అక్కను అడిగాను. "చెప్పు పాయె, పాట గూడ పోవాల్నా?" అంది. బజార్లో కొత్త చెప్పులు కొనుక్కుని సాయంత్రం మళ్లీ వెళ్లాం.

వెనక అంటే ఎంత వెనకో అప్పుడు తెలిసింది. వేదిక ముందు తెల్లగుడ్డ కప్పిన సోఫాలు, వాటి వెనక కుర్చీలు, వాటి వెనక ఖాళీ జాగా, ఆ తర్వాత ఇనుప గొట్టాల అడ్డం. దాని ఇవతల మేం. కుర్చీల్లో చాలామంది ఫోన్లు పైకెత్తి తమ ముఖాలు తీసుకుంటున్నారు. సోఫాల్లో ఎవరూ లేరు. నాయకులు ఇంకా రాలేదు. నేను అడ్డం దగ్గరున్న వలంటీరుతో, మా అక్కకు వినపడదు, ఒక్క మనిషిని ముందుకు పంపండి, కింద కూర్చుంటుంది అన్నాను.

"పాస్ ఉందా?"

"సోఫాలన్నీ ఖాళీగా ఉన్నాయి కదా."

"గవి ఖాళీ కావు సార్. వాళ్లు రావాలె, అంతే."

చెప్పులు పెట్టి జాగా ఆపుకోవడం వాళ్లకు అనాగరికం. గుడ్డ కప్పి ఆపుకోవడం ప్రోటోకాల్.

బ్యాండ్ మొదలుపెట్టింది. బాగా పాడారు. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. రెండు పాటల తర్వాత బస్సు పాట ఎత్తుకున్నారు. ఆ పాట మొదట్లో డప్పు ఒక్కటే వినిపిస్తుంది. అక్క ఇనుప గొట్టం మీద రెండు చేతులూ ఆనించి, తల వంచి నిలబడింది. నేను ఆమె చెవి దగ్గర, "బస్సు పాట" అన్నాను. అప్పటికే తెలిసిందన్నట్టు చెయ్యి ఊపింది. గొట్టం సన్నగా అదురుతోంది. ఆమె పెదవులు మాటలు పలుకుతున్నాయి. వేదిక మీద పాటకు ఆమె కొంచెం వెనకబడి ఉంది.

పాట సగంలో ఉండగా నాయకులు వచ్చారు. వ్యాఖ్యాత మైకు లాక్కుని ఆపమన్నాడు. పాడేవాళ్లు ఆపారు. నాకు వాళ్ల మీద ఇప్పటికీ పోని కోపం అక్కడే. కూలీల గోస పాడి పేరు తెచ్చుకున్నవాళ్లు, ఖాళీ సోఫాలకు పాడుతూ వెనక ఎవరున్నారో తల ఎత్తి చూడనివాళ్లు, ఒక్కమాటతో ఆపి చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాట పూర్తి చేసి ఆపుతామని ఒక్కరూ అనలేదు.

తర్వాత సన్మానం. ఒక్కొక్కరికి శాలువా కప్పడం, యాదగిరిగుట్ట స్వామి పటం ఇవ్వడం, ఫోటోకు ఆగడం. ఫోటో సరిగా రాలేదని ఒకరికి శాలువా మళ్లీ తీసి కప్పారు. గొట్టం అదరడం ఆగిపోయాక అక్క తలెత్తి నా వంక చూసింది.

"ఏమైంది తమ్మీ?"

"శాలువలు కప్పుతుండ్రు" అని అరిచాను.

"ఎవలకు?"

"అందరికి."

మే నెల. ఆమె ముఖాన చెమట కారుతోంది. "చలి పెడుతుందా వాళ్లకు?" అంది.

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నాయకుడు మైకు తీసుకుని మన యాస, మన పాట, మన డప్పు అని చాలాసేపు మాట్లాడాడు. ఆయన వెళ్లాక పోలీసులు టైమైందని చెయ్యి చూపిస్తుంటే బ్యాండ్ హుషారు పాటలు రెండు పాడి ముగించింది. బస్సు పాట మళ్లీ ఎత్తుకోలేదు.

ఇంటికి షేర్ ఆటోలో వచ్చాం. కొంతదూరం పోయాక అక్క అడిగింది, "ఏమేం పాటలు పాడిండ్రు?"

నేను ఒక్కొక్కటే చెప్పాను. ఆమెకు అందేలా అరిచి చెప్పాను. ఆటోలో ఉన్నవాళ్లు మా వంక వింతగా చూశారు. "బస్సు పాట మొత్తం పాడిండ్రా?" అంది.

"పాడిండ్రు."

"మంచిగ పాడిండ్రా?"

"మంచిగనే పాడిండ్రు."

సరే అన్నట్టు తలూపి బయటికి చూస్తూ కూర్చుంది. నమ్మిందో లేదో తెలియదు. ఆ పాట ఊసు ఆమె మళ్లీ ఎత్తలేదు. ఆ చలికాలానికి కుడి చెవి కూడా పూర్తిగా పోయింది.

తర్వాత కొన్నేళ్లకు గుండెపోటుతో అక్క చనిపోయింది. పరామర్శకు వచ్చిన నా మిత్రుడు, కవిత్వం రాస్తాడు, ఇప్పుడామె అన్ని పాటలూ వింటూ ఉంటుందని అన్నాడు. నేను అతన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను. ఆమె ఏమీ వినడం లేదు. వినగలిగిన రోజున వినడానికి చీకటితో లేచి వెళ్తే, ఆమెను కాలువ పక్కకు ఊడ్చారు. దాని మీద అందమైన మాట ఒకటి కప్పితే నేను ఊరుకోను. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ల కోపమా అని నా భార్య కూడా అడిగింది. చిన్న విషయమే. ఒక కుర్చీ. అంత చిన్నది ఇవ్వడానికే వాళ్లకు చేతులు రాలేదు.

మొన్న వేసవిలో ఆ బ్యాండ్ మళ్లీ నల్లగొండకు వచ్చింది. నేను వెళ్లలేదు.

అక్క ఉన్నన్నాళ్లూ మేం ఇంట్లో అరుచుకునేవాళ్లం. అన్నానికి పిలవాలన్నా, వాన వస్తోందని చెప్పాలన్నా అరుపే. చెవులు పూర్తిగా పోయాక కూడా మానలేదు. గట్టిగా అంటే పెదవులు బాగా కదిలేవి, ఆమె చూసి పట్టుకునేది. పక్కింటికి కొత్తగా కిరాయికి వచ్చినవాళ్లు మేం పొద్దస్తమానం కొట్లాడుకుంటున్నామనుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.