మామిడిపండ్ల గోడ

గడ్డిఅన్నారంలో నేను పై వాటాలో అద్దెకుంటున్న ఇంటి యజమానురాలిని ఆంటీ అని పిలుస్తాను. ఆమెది ఇక్కడి పాత వ్యవసాయ కుటుంబం. భర్త అప్పట్లో ఇక్కడే ఉన్న పండ్ల మార్కెట్లో వ్యాపారం చేసేవాడు. ఆయన పోయాక కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. మాది కృష్ణా జిల్లా. ఎల్బీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాను.

ఆంటీకి రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి శుక్లాల ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళు దుమ్ములోకి వెళ్ళొద్దని, టీవీ చూడొద్దని డాక్టరు చెప్పాడు. సీరియళ్ళు లేక ఆమెకు సాయంత్రాలు గడవడం లేదు. ఒకరోజు నేను మెట్లెక్కబోతుంటే ఆపింది.

"బిడ్డా, జర కూసొని పోరాదు. బయట ఏం నడుస్తుందో చెప్పు."

అప్పుడే ఎల్బీనగర్ ఫ్లైఓవర్ పక్కన ఒక పొడవాటి గోడ మీద ఒకమ్మాయి పెద్ద బొమ్మ వేస్తోంది. పాఠాలయ్యాక మెట్రోకు నడిచే దారిలో రోజూ ఆగి చూసేదాన్ని. ఆ సంగతే చెప్పాను. నీలం నీళ్ళలో పెద్ద చేప, దాని వీపు మీద నిద్రపోతున్న పిల్ల.

"ఏం చేప? కొర్రమీనా, బొచ్చెనా?"

"ఏదీ కాదు ఆంటీ. ఊహించి వేస్తోంది."

"గట్లెట్ల ఉంటది? చేపంటే ఏదో ఒక చేపే గదా."

మర్నాడు ఇంకాస్త దగ్గరికి వెళ్ళి చూశాను. ఆ పిల్ల చెయ్యి ఒకటి నీళ్ళలోకి వేలాడుతోంది. అన్ని రోజులూ నేను దాన్ని గమనించనే లేదు. ఆంటీకి చెప్పాలి గనకే సరిగ్గా చూడటం అలవాటైంది.

బొమ్మ కబుర్లు అయిపోయాక పుస్తకం చదివేదాన్ని. మొదట నాకిష్టమైన నవల ఒకటి తీశాను. కరువు, వలసలు, ఆకలి. కాసేపు విని ఆమె చెయ్యెత్తింది.

"ఏడుపు కథ ఒద్దు. దొంగలు, పోలీసులు ఉన్నదేదన్న తేరాదు."

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత డిటెక్టివ్ నవలలు గుట్టలుగా ఉంటాయి. ఎన్నడూ వాటివైపు చూసినదాన్ని కాదు. మొహమాటపడుతూనే ఒకటి కొని తెచ్చాను. హత్య ఎవరు చేశారో ఆంటీ నాలుగో అధ్యాయంలోనే చెప్పేసింది. అది తప్పని తేలితే రచయితకే తెలివి లేదంది. కొన్నాళ్ళకు నేను ఆమెకు తెలియకుండా మెట్రోలో నిలబడి తర్వాతి పేజీలు చదువుకోవడం మొదలుపెట్టాను.

డాక్టరు బయటికి వెళ్ళొచ్చు అన్నాక, ఒక ఆదివారం పొద్దున ఆటోలో ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. చిత్రకారిణి కింద అంచుకు ఆఖరి రంగు వేస్తోంది. ఆంటీ నల్లద్దాలు తీసి చాలాసేపు చూసింది.

"నువ్వు చెప్పిందే మంచిగుండె," అంది. "గీ నీలం చూస్తుంటే సలి పెడుతుంది."

ఆ అమ్మాయి నవ్వేసింది. నాకు మాత్రం ఆ బొమ్మ నేనే వేసినట్టు బాధ కలిగింది. ఆంటీ ఆమెతో ఏదో మాట్లాడుతుంటే దూరంగా వెళ్ళి నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు ఆంటీ దిల్‌సుఖ్‌నగర్‌లో బేకరీ ముందు ఆటో ఆపించి దిల్‌పసంద్ కొంది. కొబ్బరి, టూటీ ఫ్రూటీ కూరిన తీపి రొట్టె అది. నా చేతిలో ఒక ముక్క పెట్టింది.

"మొఖం గట్ల పెట్టకు. మీ అమ్మ పంపిన పూతరేకులు నాకు కాయితం లెక్క ఉండె. అయినా నువ్వు తింటుంటే ఒద్దన్ననా?"

నవ్వొచ్చింది. మనకు నచ్చినదాన్ని ఎదుటివాళ్ళు కాదంటే మనల్నే కాదన్నట్టు ఎందుకు అనిపిస్తుందో ఆ రోజంతా ఆలోచించాను. ఫుట్‌పాత్ నవలల్ని అన్నేళ్ళు నేను చిన్నచూపు చూసిన సంగతి కూడా గుర్తొచ్చింది.

వారం తిరిగేసరికి ఆ చిత్రకారిణి రంగు డబ్బాలతో మా ఇంటికి వచ్చింది. ఆ ఆదివారం ఫ్లైఓవర్ దగ్గర ఆంటీ ఆమెతో మాట్లాడింది ఇదేనట. వరండాకు ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ నిండా మామిడిపండ్లు కావాలంది. "మార్కెట్ ఈడ ఉన్నప్పుడు ఎండకాలం గల్లీ అంత పండ్ల వాసన. మా ఆయన అంగీకి సుత అదే వాసన. మార్కెట్ పోయినంక గల్లీ బోసిగున్నది."

ఆ అమ్మాయి ఆకుల మధ్య ఒక చిలుకను పెడతానంది. పండ్లు కొరుకుతుందని ఆంటీ ఒప్పుకోలేదు. పసుపు ఇంకా, ఇంకా వేయించింది. పని పూర్తయ్యాక నన్ను పిలిచింది.

"ఎట్లుంది?"

జ్యూస్ షాపు బోర్డులా ఉంది. బాగుందని అనేయవచ్చు. కానీ ఆమె నాతో అలా మర్యాదకు ఎప్పుడూ అనలేదు.

"నాకైతే ఆ చేపే బాగుంది ఆంటీ."

ఆమె ఒక్క క్షణం గోడవైపు చూసి, తల ఊపింది.

"ఉండనీ. నీది నీకు, నాది నాకు. పుస్తకం తెచ్చినవా?"

తెచ్చాను. ఇప్పుడామె టీవీ చూడొచ్చు, అయినా మా చదువు ఆగలేదు. ఆమె గోడకు ఎదురుగా కుర్చీ వేసుకుంటుంది. నేను గోడకు వీపు పెట్టి కూర్చుంటాను.