శుక్రవారం పాటకు నేను పెట్టిన పరుగు

గుడ్ ఫ్రైడే నాడు చర్చిని చిందులేయించిన డోలక్ వాడు శంషాబాద్ చుట్టుపక్కల ఇప్పటిదాకా ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడూ నేనే.

నేను క్రైస్తవుణ్ణి కాను. మాది తొండుపల్లిలో వ్యవసాయం చేసుకునే ఇల్లు. గోడకు మల్లన్న పటం, శనివారం భజన. ఆ భజనలో డోలక్ నాది. మీసం సరిగా రాని రోజుల్లో ఒకసారి, చర్చిలో వాయించే ఆయనకు జ్వరమొచ్చింది. అక్కడ పాట ఎత్తుకునే అక్క మా ఇంటికొచ్చి, బాపునడిగి నన్ను వెంటబెట్టుకుపోయింది. భజన సంగతి మీకు తెలియంది కాదు. మెల్లగా మొదలవుతుంది, చివరికొచ్చేసరికి పూనకం వచ్చినట్టు ఉరకాలి. ఉరికించలేనివాడు డోలక్ వాడే కాదు. నా చేతులకు వచ్చిన విద్య అదొక్కటే. చర్చిలో ఆ రోజు ఆఖరున పాడింది, సిలువ కింద నిలబడ్డ తల్లి ఏడుపు పాట. చివరి చరణానికి అలవాటు కొద్దీ జోరు పెంచాను. తల్లి ఏడుపు కాస్తా పెళ్లి ఊరేగింపైంది. చాపల మీది ముసలమ్మలు లేచి చిందులేశారు.

ఈ కథను బస్టాండులో చెప్పాను, కల్లు దగ్గర చెప్పాను, పెళ్లి పందిళ్లలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ముసలమ్మలు పెరిగారు. ఎయిర్‌పోర్టు వచ్చాక వినేవాళ్లు కొత్తవాళ్లు కదా అని, అప్పటి పాస్టరు చేత కూడా రెండడుగులు వేయించాను.

చివరికి ఆ కథ నా మెడకే చుట్టుకుంది. అప్పటికి చర్చిలోకి కీబోర్డు వచ్చింది. దరువు దాని పొట్టలోనే ఉంటుంది, మనిషితో పనిలేదు. అయినా శుక్రవారం పాటకు మాత్రం నా డోలక్కే. ఆ ఏడు గోదావరి వైపు నుంచి ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. పండుగకు ముందు ఆదివారం నన్ను పక్కకు పిలిచాడు.

"తాతగారూ, నొచ్చుకోకండి. ఈసారి కీబోర్డుతో కానిద్దాం. మొన్న పెళ్లిలో మీ కథ విన్నాను. మీరు మళ్లీ ఆ పాటను పరుగెత్తిస్తే జనం మోకరిస్తారా, చిందులేస్తారా?"

నవ్వులాట పక్కన పెట్టి ఒక మాట చెప్తాను. మా భజనలో ఒకరి గొంతును మించి ఒకరం అరిచేవాళ్లం. దేవుడికి కాస్త చెవుడేమో అనుకునేవాణ్ణి. ఆ మొదటి శుక్రవారం ఆ పాట మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్లంతా ఒకే ఊపిరితో, పక్కింట్లో పసిపిల్ల పడుకుని ఉన్నట్టు, తగ్గించి పాడారు. పాదం చివర గొంతు సాగదీసి, అలాగే గాలికి వదిలేశారు. నా చెయ్యి డోలక్ మీద ఊరకే ఉండిపోయింది. మరుసటి ఆదివారం చర్చి డోలక్ తాడు బిగించాలన్న వంకతో వెళ్లాను. తర్వాత వంకలు కూడా వెతుక్కోలేదు. ప్రార్థన అయ్యాక అక్కడ తలా ఒక బన్ను పంచేవాళ్లు. "పాటకు పోతున్నవా, బన్నుకు పోతున్నవా?" అని బాపు అడిగితే "రెంటికీ" అన్నాను. ఆనాటి నుంచి ఏ గుడ్ ఫ్రైడేకూ ఆ పాట నా చెయ్యి లేకుండా సాగలేదు. ఇప్పుడు దాన్ని పెట్టెకిచ్చి నేను కుర్చీలో కూర్చోవాలా?

అందుకే నిజం ఒప్పుకున్నాను. "అయ్యా, ఎవరూ చిందులేయలేదు. ఒక్క ముసలమ్మ లేచింది, అదీ కాలు తిమ్మిరెక్కి. పాస్టరుగారు కళ్లద్దాల మీంచి చూశారు, అంతే."

"మరి పాటను పరుగెత్తించిన మాట?"

అది కూడా ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుంది? "అది నిజమే," అన్నాను.

"నా భయమూ అదే," అన్నాడు.

నెత్తి మీంచి విమానం పోయింది. ఆ చప్పుడు ఆగేలోగా ఆయన మనసు మారుతుందేమోనని చూశాను. మారలేదు. ఇంతలో అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చున్న అక్క, నన్ను ఆనాడు తీసుకొచ్చిన ఆ అక్కే, మమ్మల్నిద్దరినీ రమ్మంది.

"ఏందయ్యా పరేషానయితున్నవ్? వీడు పాటను ఉరికిచ్చిండా?"

"అవునంటున్నారమ్మా."

"గట్ల చెప్పుకుంట తిరుగుతుండా? నా చెవిన పడలే." నా వైపు కూడా చూడలేదామె. "ఉరికింది మేము. పొద్దుగాల సంది ఉపాసం, గొంతులెండె, మూడు గంటలు దాటె. ఇగ ఇంటికి పోయి ఇంత గంజి తాగుదమని నేనే జల్ది ఎత్తుకున్న. ఈ పోరడు మా ఎనక పడుకుంట లేసుకుంట వచ్చిండు. మా పాట అయిపోయినంక గూడ వీని డోలక్ ఇంకింత సేపు మోగింది. వీనికేడిది జోరు. నువ్వు భయపడకుండ వాయించనియ్యయ్యా."