శోభనాద్రి గారి ముందుపన్ను

అవనిగడ్డలో శోభనాద్రి గారు పన్ను పీకితే ఆ కేక కృష్ణ దాటి రేపల్లె బస్టాండులో వినపడేదంటారు. అది అబద్ధం. ఏటి అవతల పెనుమూడి దాకానే వినపడేది.

పళ్ళ డాక్టరుగా ఆయనకి రెండు గొప్పలు. ఒకటి ఆయన వేళ్ళు. రెండు వేళ్ళతో పన్ను పట్టుకుని ఊపి, చిగురు కింద ఎముక ఎంత అరిగిందో చెప్పేసేవారు. రెండోది ఆయన సొంత పళ్ళు. ఏ పేషెంటైనా అనుమానంగా మొహం పెడితే, నాగాయలంక పీత డెక్క ఒకటి తెప్పించి, ముందుపళ్ళతో పటుక్కున కొరికి చూపించేవారు. ఆ తర్వాత ఇంకెవడు నోరు తెరవనంటాడు.

పులిగడ్డ వంతెన తెరిచిన కొత్తలో ఆయన మేనకోడలు తనూజ బీడీఎస్ పూర్తిచేసి ఆయన దగ్గరే చేరింది. వస్తూ వస్తూ డిజిటల్ ఎక్స్‌రే తెచ్చింది. నోట్లో చిన్న బిళ్ళ పెడితే చాలు, పన్నూ దాని చుట్టూ ఎముకా కంప్యూటర్ మీద కనిపిస్తాయి.

"చిగురు జబ్బు పసిగట్టడానికి టీవీ ఎందుకే?" అన్నారు శోభనాద్రి గారు. "నా వేలికి కరెంటు పోదు."

"మీ వేలికి కళ్ళు కూడా లేవు మావయ్యా."

ఆ రోజునించీ ఆయన తువ్వాలు కంప్యూటర్ మీదే ఆరింది.

ఇంతలో గుడివాడలో జిల్లా పళ్ళ డాక్టర్ల సభ వచ్చింది. ఇలాంటి యంత్రాలు కొనాలా వద్దా అన్నది చర్చ. కుర్రాళ్ళు కొనాలంటున్నారు. పెద్దల తరఫున వద్దని మాట్లాడాల్సింది శోభనాద్రి గారే. ఇంట్లో ఉపన్యాసం సాధన చేస్తుంటే, సరిగ్గా వేలి మహిమ దగ్గర, ఆయన పై ముందుపన్ను కదిలింది.

మర్నాటికి ఇడ్లీ కొరికినా నొప్పే. రెండు వేళ్ళతో ఊపి చూసుకున్నారు. వేళ్ళు తీర్పు చెప్పేశాయి: చిగురు జబ్బు, ఎముక పోయింది, పీకాల్సిందే. ఊరందరి పళ్ళూ పీకిన మనిషికి తీర్పు తన పన్ను మీదికే వచ్చింది. ముందుపన్ను ఊడిన పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు?

గుట్టుగా పీకేసి కట్టుడుపన్ను పెట్టుకుందామనుకున్నారు. కానీ పీకేదెవరు? బందరులో పళ్ళ డాక్టరు కోదండరామయ్య గారికి చూపిస్తే సాయంత్రానికి జిల్లా అంతా తెలుస్తుంది. అందుకని సభకి ముందురోజు మధ్యాహ్నం, తన కుర్చీలో తనే కూర్చుని, ఓ చేత్తో అద్దం, ఓ చేత్తో పటకారు పట్టుకున్నారు. అద్దంలో చెయ్యి ఒకటి అనుకుంటే ఒకటి చేస్తోంది. పటకారు రెండుసార్లు ముక్కుని పట్టుకుంది.

అన్నం తినొచ్చిన తనూజ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ముక్కు పీకుతున్నారా మావయ్యా?"

"నోరుమూసుకుని తలుపెయ్యి."

"తలుపేస్తాను. మీరు నోరు తెరవండి."

సన్నటి కొలతపుల్లతో చిగురు చుట్టూ చూసింది. తువ్వాలు లాగేసి, బిళ్ళ నోట్లో పెట్టింది. తెర మీద పన్ను కనపడగానే శోభనాద్రి గారు కళ్ళు మూసుకున్నారు.

"చూడండి. ఎముక ఎక్కడిదక్కడే ఉంది. పన్నుకీ ఎముకకీ మధ్య సందు మాత్రం కాస్త వెడల్పయింది. ఇది చిగురు జబ్బు కాదు, దెబ్బ. దేన్ని కొరుకుతున్నారు?"

ఆయన ఆలోచిస్తున్నట్టు నటించి, "పీత డెక్క," అన్నారు.

"ఎన్నాళ్ళనించి?"

"ప్రాక్టీసు పెట్టినప్పట్నించీ."

"ఇక మానెయ్యండి. పక్కపళ్ళకి తీగతో కట్టేస్తే కుదురుకుంటుంది. ఇప్పుడే కట్టేస్తాను."

"ఆగవే," అన్నారు శోభనాద్రి గారు, చాలా రోజుల తర్వాత హుషారుగా. "రేపటిదాకా ఊగనీ."

మర్నాడు గుడివాడ సభలో ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. వేదిక మధ్యలో కుర్చీ వేయించుకుని, "పెద్దలంతా వచ్చి ఊపి చెప్పండి, ఉంచాలా పీకాలా," అని నోరు తెరిచి కూర్చున్నారు. కోదండరామయ్య గారు ముందుగా ఊపి, జాలిగా నిట్టూర్చారు.

"నీకు నేను చెప్పాలా శోభనాద్రీ. ఎముక పోయింది. పీకించెయ్."

మిగతా పెద్దలదీ అదే మాట. అప్పుడు తనూజ గోడ మీద ఆ ఎక్స్‌రే బొమ్మ వేసి చూపించింది. ఎముక కొత్తగా మట్టేసిన కాలవగట్టులా నిలబడి ఉంది.

"మనమంతా కలిసి బంగారంలాంటి పన్ను పీకబోయాం," అన్నారు శోభనాద్రి గారు. "నేనైతే పటకారు కూడా పట్టాను. వేళ్ళు కోసుకోమనడం లేదు, యంత్రం కూడా కొనమంటున్నా. పన్ను ఊగిందని వేలు చెప్తుంది, ఎముక ఉందో లేదో బొమ్మ చెప్తుంది. ఎందుకు ఊగిందో మాత్రం మనిషిని అడగాలి. మా అమ్మాయి అడిగింది."

కుర్రాళ్ళ ఈలలకి రైల్వే గేటు పడిందని గుడివాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వద్దనడానికి వచ్చిన మనిషే కొనమన్నాక ఇంక చర్చేముంది. తనూజ అందరి ముందే ఆ పన్నుని పక్కవాటికి కట్టేసింది. ఆయన నాలుకతో తడిమి చూసుకుని, పెళ్ళికొడుకులా వేదిక దిగారు.

ఖాళీ అయిన కుర్చీలో కోదండరామయ్య గారు వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి, "నా దవడపన్ను కూడా ఓసారి చూడు."

ఆయన వెనక అప్పటికే నలుగురు పెద్దలు వరసకట్టారు.