మాస్టారి కోసం కొన్న తుపాకి

నాటకంలో మాస్టారిని చంపాల్సింది నేనే. నాది తెల్లదొర వేషం. ఆయనది శిస్తు కట్టనని ఎదురుతిరిగిన రైతు వేషం. తెనాలిలో నాకు అక్షరాలు దిద్దించిందీ, తర్వాత ముఖానికి రంగు పూసిందీ ఆయనే. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈమధ్య మతిమరుపు పట్టుకుంది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, మళ్ళీ వడ్డించమంటున్నారట. రేపల్లె నాటక పోటీల్లోదే తన ఆఖరి నాటకమని ఆయనే చెప్పారు. అది ఆయన చేత పూర్తి చేయించాలి. బహుమతి వస్తే ఎంత, రాకపోతే ఎంత!

చిక్కల్లా చివరి డైలాగుతో వచ్చింది. గుండు తగిలి పడిపోతూ చెప్పాలి. స్పీకర్లో చప్పుడు వేస్తే, "ఏంట్రా అది?" అని అటు తిరిగి చూస్తున్నారు. ఒకరోజు రిహార్సల్లో ఎదురుగా టపాకాయ పేల్చాం. మంట, పొగ చూడగానే కూలిపోయి, ఒక్క ముక్క తప్పకుండా చెప్పేశారు. నాకు ఏడుపొచ్చింది.

బాపట్లలో సినిమావాళ్ళకు ఉత్తుత్తి ఆయుధాలు చేసిచ్చే కుర్రాడున్నాడంటే రైలెక్కాను. పాతకాలపు చెకుముకిరాయి తుపాకి చూపించాడు. అచ్చం అసలుదే.

"గుండు పట్టదండి, గొట్టం మూసేశాం. చిటికెడు మందు ఈ గుంటలో పోసి రేకు మూత వెయ్యండి. మీట నొక్కితే రాయెళ్ళి రేకుని కొడుద్ది, రవ్వ పడి భగ్గుమంటది. ఒక్కటే బాబాయ్, చెమ్మ తగలనీకండి. తగిలిందా, తుస్సే!"

వారం రోజులు డాబా మీద కూర్చుని నింపడం నేర్చుకున్నాను. "ఈ వయసులో ఇదేం పోయేకాలం మీకు?" అని మా ఆవిడ సాధించింది. ఆవిడ మొహం! పదిసార్లలో తొమ్మిదిసార్లు పేలింది.

రేపల్లెలో స్టేజీ వెనక మందు పోసి, మూత వేసి, తుపాకిని కుర్చీకి ఆనించి బూట్లు తొడుక్కోవడానికి వంగాను. లేచి చూద్దును కదా, మాస్టారు దాని ముందు కూర్చుని ఉన్నారు. గొట్టానికి పసుపు, రాయికి పసుపు, రేకుకి పసుపు. వాటి మీద కుంకుమ బొట్లు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు చిలకరిస్తున్నారు.

"మాస్టారూ!" అని కేక పెట్టాను.

"ఎందుకురా ఆ అరుపు? కొత్త వస్తువు బొట్టు లేకుండా స్టేజీ ఎక్కుద్దా? నేనెప్పుడైనా ఎక్కించానా?"

అన్నం తిన్నది గుర్తులేదు గానీ ఇది గుర్తుంది. తువ్వాలుతో తుడిచాను. మందు మార్చాను. సందుల్లో పసుపు ముద్ద అలాగే ఉంది. ఈలోగా మా నాటకానికి గంట కొట్టేశారు.

ఆ రోజు మాస్టారు ఎంత బాగా చేశారో! చివరికి చొక్కా గుండీలు తెంపుకుని రొమ్ము చూపించారు. మీట నొక్కాను. టక్. మళ్ళీ నొక్కాను. టక్.

"దొరగారూ, నోటితో అనండి!" అని జనంలోంచి ఎవడో అరిచాడు. సిగ్గు విడిచి అన్నాను కూడా. "ఢాం!"

హాలు హాలంతా ఒకటే నవ్వు. మాస్టారు నా వంక చూశారు, జనం వంక చూశారు. డైలాగులో మొదటి మాట మెల్లగా అందించాను. ఆయనకు ఎక్కలేదు. చంటిపిల్లాడిలా ఆయన కూడా నవ్వారు. అంతలో టైమైపోయిందని తెర వేసేశారు.

మాస్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏరా, నేను చచ్చిపోయానా?"

"పోయారు మాస్టారూ."

"డైలాగు చెప్పానా?"

"చెప్పారండి. బ్రహ్మాండంగా చెప్పారు."

"మరి జనం నవ్వుతున్నారేంట్రా?"

నేను వంగి, తెగిపడిన ఆయన గుండీలు ఏరసాగాను. ఆయన నా భుజం తట్టారు.

"అయితే సరిగ్గా చావలేదన్నమాట. మళ్ళీ చేద్దాం, నీ చోటికి నువ్వెళ్ళు."

తర్వాతి నాటకం వాళ్ళు బల్లలూ మంచాలూ మోసుకొచ్చి, ఆయన్ని తప్పించుకుంటూ సర్దుకుంటున్నారు. ఆయన రొమ్ము విప్పుకుని, కదలకుండా నిలబడ్డారు. నేను వెళ్ళి నా చోట నిలబడ్డాను.