కరపత్రం వెనక వైపు

ఆ కాగితం మీద పెద్దతల్లి తన పేరు ఎందుకు వేయించుకోలేదో ఇప్పటికీ తెలియదు. అడిగితే "సోటు సాల్లేదు బాబూ" అంది. కిందేమో నాలుగు వేళ్ళ మేర ఖాళీ తెల్లగా మిగిలే ఉంది.

పెద్దతల్లి పలాసలో ముప్పయ్యేళ్ళుగా జీడిపిక్కలు కోస్తోంది. కోత బల్ల మీటను కాలితో తొక్కితే రెండు కత్తులు దగ్గరకొస్తాయి. వాటి మధ్య పిక్కను వేళ్ళతోనే పెట్టాలి. కత్తి తప్పించుకున్నా జీడి నూనెను తప్పించుకోలేరు. ఎంత బూడిద రాసుకున్నా, ఎంత ఆముదం పట్టించుకున్నా చేతులు నల్లబడి తోలు లేచిపోయేది. పెళ్ళి భోజనాల్లో వడ్డనకు లేస్తే "నువ్వు కూకో వదినా" అని చేతిలోంచి గరిటె తీసుకునేవారు. ఆమె కూర్చునేది.

ఒకరోజు పాత టీ చెంచా, గొడుగు ఊస, సైకిల్ బెల్లులోని స్ప్రింగు కలిపి ఏదో బిగించింది. పిక్కను చెంచాలో వేసి తొక్కితే చెంచాయే దాన్ని కత్తుల మధ్యకు ఎత్తుతుంది. కాలు వదిలితే పక్కకు ఒరిగి తట్టలో పడేస్తుంది. వేలికి పనే లేదు. నెల తిరిగేసరికి షెడ్డులో అన్ని బల్లల మీదా చెంచాలే.

"నీ సెంచా పున్నెమాని మీ బావ నా సెయ్యి అట్టుకున్నాడే, ఎన్నాల్లకో" అంది పక్క బల్ల కళావతి. షెడ్డంతా నవ్వింది.

ఆ నవ్వు మీదే వచ్చాడు గణపతిరావు, ఫ్యాక్టరీలకు మిషన్లు అమ్మే పెద్దమనిషి. నాలుగు వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీశాడు.

"దీనికి నేను పేటెంటు తీసుకుంటాను. నీకూ ఏదో ముట్టజెబుతాలే."

"అంటే ఏటి బాబూ?"

"నేను తప్ప ఇంకెవరూ చేయకూడదని. కావలసినవాళ్ళు నా దగ్గరే కొనుక్కోవాలి."

"మరి మా బల్లల మీదున్నవో?"

"అవి విప్పేయాలి మరి."

మర్నాడు పొద్దున్నే ఆమె తిరుమలరావు ఇంటికి వెళ్ళింది. ఆయన శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, మాట పొదుపు. చదువుతున్న పేపరు మీద ఆమె చెంచా పెట్టింది.

"బాబూ, దీన్ని ఆ బాబు ఎత్తుకెల్లిపోకుండా తాళం ఏసీ దారుందేటి?"

తిరుమలరావు వారం రోజులు పుస్తకాలు తిరగేసి కబురు పెట్టాడు.

"తాళం వేస్తే లాభం లేదు పెద్దతల్లీ, తలుపులే తీసేయాలి. అందరికీ ముందే తెలిసినదాన్ని ఎవరూ కొత్తదని పేటెంటు పట్టలేరు. అయితే తెలుసని ఋజువు కావాలి. అచ్చులో, తారీకుతో. ఆయన దరఖాస్తు పెట్టకముందే. ఒకటి, ఇంక నీకూ పేటెంటు రాదు."

"నాకెందుకు బాబూ? నా సేతిలో ఉంది కదా."

పది రోజుల్లో అమ్మవారి సంబరం. రెండువేల కరపత్రాలు వేస్తున్నారు. ముందు వైపు అమ్మవారు, వెనక వైపు నిండా కమిటీ పెద్ద యువరాజు ఫోటో. ఆ వెనక వైపు చెంచా బొమ్మ, కొలతలు వేయమని తిరుమలరావు అడిగాడు.

"అమ్మోరి కాయితం మీద సెంచా ఏటి? నా పోటో ఎక్కడెట్టాల?" అన్నాడు యువరాజు.

"ఘటాలెత్తీది మేమే గదా బావా" అంది కళావతి. "ఈపాలి ఆటిని నీ పోటోయే ఎత్తుతాదిలే."

ఫోటో ముందు వైపు మూలకు సర్దుకుంది.

కొలతలు చెప్పమంటే పెద్దతల్లి "ఇక్కడ రెండేల్లు, అక్కడ బొటనేలంత" అంది. ఎవరి వేలని అడిగితే తన చెయ్యి చాపింది. జీడి నూనెకు తోలు పోయి, కీళ్ళు ఉబ్బి, ఆ వేళ్ళ కొలత ఇంకెవరి వేళ్ళకూ సరిపోయేలా లేదు. తిరుమలరావు స్కేలు తెచ్చి మిల్లీమీటర్లు రాసుకున్నాడు. ఇచ్ఛాపురంలో ఉన్న బంధువుచేత ఒడియాలో కూడా రాయించాడు.

కరపత్రాలు రాగానే మూడు కాపీలు గ్రంథాలయానికి పట్టుకెళ్ళి, తారీకు ముద్ర తానే అడిగి తీసుకున్నాడు. ఉద్యోగమంతా పుస్తకాల మీద తారీకులు కొట్టాడు. వాటిలో ఒక్కదాన్నీ ఎవరూ రెండోసారి చూడలేదు. ఆ రోజు బల్ల అదిరేలా కొట్టాడు.

సంబరంలో కరపత్రం కాళ్ళొచ్చినట్టు నడిచింది. కొబ్బరి లోడుతో కవిటి చేరింది, చేపల తట్టల్లో అక్కుపల్లి చేరింది, మిగిలినవి బజ్జీల బండి చేరాయి.

రెండు నెలలకు గణపతిరావు తిరిగొచ్చాడు. చేతిలో నూనె మరకల కాగితం.

"ఇది ఎక్కడైనా అచ్చయిందా అని లాయరు ముందే అడిగాడు. లేదని చెప్పి బస్టాండుకొచ్చాను. బజ్జీలు ఇందులో కట్టిచ్చారు." చెబుతూ చెబుతూ తనే నవ్వేశాడు. "ఇంక దరఖాస్తు దేనికి, వదిలేశాను."

"కూకో బాబూ, టీ తాగు" అంది పెద్దతల్లి. "నువ్వూ సేసి అమ్ముకో. కొలతలందులోనే ఉన్నాయి. స్ప్రింగు మాత్రం నాసిరకం ఎయ్యకు."

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు. ఆ కాగితం మీద లేని పేరును తిరుమలరావు సభలో చదవాలనుకున్నాడు. శాలువా కొన్నాడు, రెండు పేజీల ప్రసంగం రాసుకున్నాడు. సభకు ముందు పులిహోర పెట్టారు. పెద్దతల్లి లేచి గరిటె పుచ్చుకుంది. కూకో అన్నవారు లేరు. ఆఖరి వరస దాకా, యువరాజు ఆకు దాకా తనే వడ్డించింది. రెండోసారి అడిగినవాళ్ళకు ఇంకాస్త ఎక్కువే వేసింది.

తిరుమలరావు మైకు దగ్గర గొంతు సవరించుకుని మొదటి పేజీ చదివాడు. పేరు రెండో పేజీలో ఉంది. అక్కడికొచ్చి తలెత్తేసరికి ఆమె కుర్చీ ఖాళీ. కడిగిన గరిటె దాని మీద బోర్లించి ఉంది.

"ఏదీ?" అన్నాడు, మైకు సంగతి మరిచి.

"కవిటిలో కొత్త బల్లలెట్టినారట బాబూ" అంది కళావతి. "స్ప్రింగుల మూట అట్టుకుని ఆటో ఎక్కీసినాది."

"చెప్పనైనా చెప్పలేదే."

"మాకు మాత్రం సెప్పినాదేటి?"

బయట ఆటో మలుపు తిరిగిన చప్పుడైంది. తిరుమలరావు శాలువా చేతి మీద వేసుకుని, రెండో పేజీ చదవడం మొదలుపెట్టాడు.